మందులిచ్చే కౌంటర్‌కీ పరీక్ష గదికీ మధ్య: హెచ్‌ఐవీతో జీవిస్తున్న మహిళలు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్

2008లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి రెండు వైరస్‌లకు సంబంధించిన ఆవిష్కరణలకు కలిపి దక్కింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ, కారణమని తేల్చిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్‌కు అందులో సగం, హెచ్‌ఐవీని కనుగొన్న ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు ఫ్రాన్స్వాజ్ బారె-సినూసీ, లూక్ మాంటానియేలకు మిగతా సగం ఇచ్చారు. ఆ ఏడాది ఒకే వేదిక మీదికి వచ్చిన ఈ రెండు వైరస్‌లు ఎంతోమంది మహిళల శరీరాల్లో అంతకు చాలా ముందు నుంచే కలిసి ఉంటున్నాయి. ఆస్పత్రుల్లో మాత్రం వాటి దారులు నేటికీ వేరువేరుగానే సాగుతున్నాయి. హెచ్‌ఐవీ మందులిచ్చే విభాగం ఒకటి, స్త్రీల వ్యాధుల విభాగం ఇంకొకటి, క్యాన్సర్ విభాగం మరొకటి. ఒక చోట రిజిస్టరులో ఉన్న పేరు రెండో చోట ఎవరికీ తెలియదు. నివారించగల ఈ క్యాన్సర్ హెచ్‌ఐవీ ఉన్న మహిళలను ఇంకా బలి తీసుకోవడానికి ఉన్న కారణాల్లో ఈ ఎడమే ముఖ్యమైనది.

లైంగిక జీవితం ఉన్నవారిలో అత్యధికులకు ఏదో ఒక దశలో హెచ్‌పీవీ సోకుతుంది. ఎక్కువమందిలో శరీర రక్షణ వ్యవస్థే ఏడాది రెండేళ్లలో దానిని వదిలించుకుంటుంది. వైరస్ వదలకుండా తిష్ఠ వేసినప్పుడే చిక్కు మొదలవుతుంది. క్యాన్సర్ కలిగించగల రకాలు డజనుకు పైగా ఉన్నా, వాటిలో 16, 18 అనే రెండు రకాలే సుమారు 70 శాతం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు మూలం. ఇవి ముఖద్వారపు పై పొర కణాల్లో మెల్లమెల్లగా మార్పులు తెస్తాయి. ఆ మార్పులు క్యాన్సర్‌గా ముదిరే లోపు చాలా ఏళ్ల వ్యవధి ఉంటుంది కనుకనే ముందుగా పరీక్షించి, మారిన పొరను తొలగించి, జబ్బు రాకుండా ఆపడం సాధ్యమవుతోంది. హెచ్‌ఐవీ ఈ వ్యవధిని కుదిస్తుంది. రక్షణ వ్యవస్థ సవ్యంగా ఉన్న స్త్రీలో ఈ ప్రక్రియకు 15 నుంచి 20 ఏళ్లు పడితే, చికిత్స అందని హెచ్‌ఐవీ వంటి కారణాలతో రక్షణ శక్తి తగ్గిన స్త్రీలో 5 నుంచి 10 ఏళ్లలోనే క్యాన్సర్ రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హెచ్‌ఐవీ ఉన్న మహిళలకు హెచ్‌పీవీ సోకే అవకాశం ఎక్కువ, సోకినది పోయే అవకాశం తక్కువ, చికిత్స చేశాక మళ్లీ తలెత్తే అవకాశమూ ఎక్కువే. మొత్తం మీద, హెచ్‌ఐవీ లేని మహిళలతో పోలిస్తే వీరికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు.

ఈ సంబంధం కొత్తగా బయటపడింది కాదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 1993లోనే ఎయిడ్స్ నిర్వచనాన్ని విస్తరించి, ముదిరిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఎయిడ్స్‌ను సూచించే జబ్బుల జాబితాలో చేర్చింది. అంతవరకు ఆ జాబితా ప్రధానంగా పురుషుల్లో కనిపించిన జబ్బుల ఆధారంగా తయారైనది కావడంతో, స్త్రీల శరీరంలో హెచ్‌ఐవీ చేసే హాని లెక్కల్లోకి రాలేదు. ఆ తర్వాత హెచ్‌ఐవీని అణచి ఉంచే ఏఆర్‌టీ మందులు వచ్చి పరిస్థితిని మార్చేశాయి. క్షయతోనో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌తోనో ముప్పైల్లోనే చనిపోవలసిన మహిళలు ఇప్పుడు ముసలితనం దాకా జీవిస్తున్నారు. ఏఆర్‌టీని త్వరగా మొదలుపెట్టి క్రమం తప్పకుండా వాడితే హెచ్‌పీవీ శరీరంలో తిష్ఠ వేసే అవకాశం, ముఖద్వారంలోని మార్పులు ముదిరే వేగం తగ్గుతాయని అధ్యయనాలు చూపాయి. తగ్గుతాయే గానీ ముప్పు పూర్తిగా పోదు. మందు మొదలుపెట్టే నాటికే రక్షణ శక్తి బాగా దెబ్బతిని ఉన్నవారిలో ఆ పాత నష్టం చాలాకాలం వెంటాడుతుంది. కాబట్టి ఏఆర్‌టీ ఇస్తున్నాం కదా, స్క్రీనింగ్ తర్వాత చూసుకుందాం అన్న ధోరణికి వైద్యపరంగా ఆధారం లేదు. రోజూ మాత్ర వేసుకుంటూ, వైరల్ లోడ్‌ను, అంటే రక్తంలో హెచ్‌ఐవీ మోతాదును, అదుపులో పెట్టుకుని, వ్యవస్థ చెప్పినదల్లా పాటించిన మహిళ చివరకు నలభైల్లో ఆపగలిగిన క్యాన్సర్‌తో చనిపోవడం ఆ వ్యవస్థ వైఫల్యమే.

2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 6,60,000 మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది, సుమారు 3,50,000 మంది మరణించారు. ఆ మరణాల్లో 94 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లోనివే. కొత్త కేసుల్లో దాదాపు 5 శాతానికి హెచ్‌ఐవీ కారణమని అంచనా. ప్రపంచ సగటుగా చూస్తే ఇది చిన్న వాటాగానే కనిపించవచ్చు, కానీ ఆఫ్రికా ఖండపు దక్షిణ, తూర్పు ప్రాంతాలకు వెళితే దాని రూపమే మారిపోతుంది. ఎస్వాతీని వంటి దేశంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చిన ప్రతి నలుగురు మహిళల్లో ముగ్గురు హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారే.

ఏ పరీక్ష, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్న ప్రశ్నలకు స్పష్టమైన సమాధానాలే ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరు 17న ఈ క్యాన్సర్ నిర్మూలన వ్యూహాన్ని ప్రారంభించింది. 2030 నాటికి బాలికల్లో 90 శాతం మందికి 15 ఏళ్ల లోపు హెచ్‌పీవీ టీకా, మహిళల్లో 70 శాతం మందికి 35 ఏళ్ల లోపు ఒకసారి, 45 ఏళ్ల లోపు మరోసారి నాణ్యమైన స్క్రీనింగ్, జబ్బు బయటపడినవారిలో 90 శాతం మందికి చికిత్స అందాలన్నవి అందులోని లక్ష్యాలు. 2021 జూలైలో వచ్చిన మార్గదర్శకాలు హెచ్‌ఐవీ ఉన్న మహిళల కోసం వేరే దారి సూచించాయి. ఇతర మహిళలకు 30వ ఏట మొదలుపెట్టి 5 నుంచి 10 ఏళ్లకు ఒకసారి హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష చేయాలంటే, వీరికి 25వ ఏటనే మొదలుపెట్టి 3 నుంచి 5 ఏళ్లకు ఒకసారి చేయాలి. పైగా, పరీక్షలో వైరస్ కనబడగానే చికిత్సకు పోకుండా, మధ్యలో ట్రయాజ్ అనే రెండో పరీక్ష పెట్టడం మేలని అవి సూచించాయి.

ఈ రెండో పరీక్ష ఎందుకన్నది కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కార్యక్రమాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. హెచ్‌ఐవీ ఉన్న మహిళల్లో హెచ్‌పీవీ చాలా విరివిగా కనిపిస్తుంది. కొన్ని ప్రాంతాల్లో పరీక్షించినవారిలో మూడో వంతుకు మించి పాజిటివ్‌గా తేలుతారు. వారిలో అధికులకు ముఖద్వారంలో చికిత్స చేయవలసిన మార్పేమీ ఉండదు. ట్రయాజ్ లేకుండా అందరికీ చికిత్స చేస్తే అవసరం లేని వందలమందికి నొప్పి, స్రావం, ఖర్చు, భయం మిగులుతాయి. ట్రయాజ్ పెడితే మహిళ మరో మెట్టు ఎక్కాలి, ఆ మెట్టు దగ్గర కొందరు జారిపోతారు. అనవసర చికిత్స తగ్గించడమా, మధ్యలో జారిపోయేవారిని తగ్గించడమా అన్న ఈ పేచీకి అందరికీ సరిపోయే తీర్పు లేదు. అయితే రెండో మెట్టు అదే భవనంలో, అదే రోజు ఉంటే పేచీ చాలావరకు తీరిపోతుంది. వైరస్ రకాన్ని బట్టి ట్రయాజ్ చేసే పద్ధతి ఇందుకు అనువైనది. తొలి నమూనాలోనే 16, 18 రకాలు ఉన్నాయో లేవో తెలిసిపోతే, ఎవరిని ముందుగా చూడాలో నిర్ణయించడానికి ఆ మహిళను మళ్లీ పిలవనక్కరలేదు.

పాత పద్ధతులు పనికిరానివని ఎవరూ అనరు. కణాలను గీకి సూక్ష్మదర్శిని కింద చూసే పాప్ పరీక్ష సంపన్న దేశాల్లో దశాబ్దాల పాటు లక్షలాది ప్రాణాలను కాపాడింది. కానీ దానికి శిక్షణ పొందిన నిపుణులు, ప్రయోగశాల, ఫలితం ఇవ్వడానికి మళ్లీ పిలిపించే యంత్రాంగం, క్రమం తప్పని పునఃపరీక్షలు కావాలి. ముఖద్వారం మీద పలుచని ఎసిటిక్ యాసిడ్ పూసి తెల్లబడిన చోటును కంటితో గుర్తించే వీఐఏ పద్ధతి చవక, ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. దాని బలహీనత కూడా కంటిలోనే ఉంది. ఒకే ముఖద్వారాన్ని చూసి ఇద్దరు నర్సులు రెండు రకాలుగా చెప్పవచ్చు, నెలసరి ఆగిన మహిళల్లో చూడవలసిన భాగం లోపలికి జరిగిపోయి కనబడకపోవచ్చు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 1,31,746 మంది మహిళలతో జరిగి 2009లో ప్రచురితమైన అధ్యయనం ఈ చర్చలో మైలురాయి. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష అందిన సమూహంలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి, వీఐఏ, పాప్ సమూహాల్లో అంతటి స్పష్టమైన తగ్గుదల కనిపించలేదు. అది సాధారణ మహిళల మీద చేసిన అధ్యయనమే అయినా, మంచి పరీక్షను ఎంచుకోవడం ఎంత తేడా తెస్తుందో తేల్చి చెప్పింది. హెచ్‌ఐవీ ఉన్న మహిళలకు కూడా హెచ్‌పీవీ పరీక్ష ఆధారంగా చికిత్స చేస్తే ముదురు మార్పులు గణనీయంగా తగ్గుతాయని దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ శివారు బస్తీల్లో జరిగిన పరిశోధన చూపింది.

శాస్త్రం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు మిగిలినది అందుబాటు ప్రశ్న. ఇక్కడ హెచ్‌ఐవీ ఉన్న మహిళల పరిస్థితిలో ఒక విశేషముంది. స్క్రీనింగ్ కార్యక్రమాలు సాధారణంగా ఎదుర్కొనే మొదటి కష్టం, ఏ జబ్బూ లేని మహిళను ఆస్పత్రికి రప్పించడం. హెచ్‌ఐవీ చికిత్స పొందుతున్న మహిళ ఇప్పటికే వస్తోంది. ఏళ్ల తరబడి, చెప్పిన తేదీకి, మందుల కోసం వస్తూనే ఉంది. ఆమె వయసు, చిరునామా, రక్తపరీక్షల చరిత్ర అక్కడి రికార్డులో ఉన్నాయి. ఆమెతో మాట్లాడే కౌన్సెలర్ ఉన్నారు. ఇంత దగ్గరలో ఉన్న మనిషికి స్క్రీనింగ్ అందడం లేదంటే, దాటవలసిన దూరం ఇంటికీ ఆస్పత్రికీ మధ్య ఉన్నది కాదని అర్థం. అది మందులిచ్చే కౌంటర్‌కూ పరీక్ష గదికీ మధ్య ఉన్న దూరం.

ఈ దూరం ఎలా ఏర్పడిందో చూస్తే ఎవరి దుర్బుద్ధీ కనిపించదు. హెచ్‌ఐవీ కార్యక్రమాలు అత్యవసర పరిస్థితిలో, ప్రత్యేక నిధులతో, ప్రత్యేక సిబ్బందితో పుట్టాయి. క్యాన్సర్ నివారణ వేరే శాఖ కింద, వేరే బడ్జెట్‌లో, చాలాచోట్ల చాలీచాలని నిధులతో నడుస్తుంది. ఏఆర్‌టీ కేంద్రం వైద్యుడు చేయగలిగింది ఒక చీటీ రాసి ఇవ్వడం. ఆ చీటీ పట్టుకుని ఆ మహిళ మరో రోజు, మరో భవనానికి, మరో వరుసలో నిలబడటానికి వెళ్లాలి. అంటే మరో రోజు కూలి పోవాలి, మరోసారి పిల్లలను ఎవరికో అప్పగించాలి, మరోసారి ప్రయాణ ఖర్చు పెట్టుకోవాలి, ఎక్కడికి వెళుతున్నావని అడిగేవారికి మరో కారణం చెప్పాలి. అక్కడికి వెళ్లాక తన హెచ్‌ఐవీ సంగతి తెలియని కొత్త మనుషుల ముందు ఆ విషయం మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఇన్ని కలిసినప్పుడు చీటీ బీరువాలోనే ఉండిపోతే దానిని అవగాహన లేమి అనడం అన్యాయం. అవగాహన సదస్సులు ఎన్ని పెట్టినా ఈ చీటీ బరువు తగ్గదు.

చీటీ అవసరం లేకుండా చేయవచ్చని జాంబియా చాలాకాలం క్రితమే నిరూపించింది. అక్కడి రాజధాని లుసాకాలో 2006లో గ్రోస్‌బెక్ పర్హమ్, ములిండి మ్వానహాముంటు అనే వైద్యులు మొదలుపెట్టిన కార్యక్రమం, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో హెచ్‌ఐవీ సేవల పక్కనే స్క్రీనింగ్ గదులు తెరిచింది. స్త్రీల వ్యాధుల నిపుణులు కొరతగా ఉన్న ఆ దేశంలో పరీక్ష, చికిత్స రెండూ నర్సులే చేసేలా శిక్షణ ఇచ్చారు. వీఐఏతో పాటు మామూలు డిజిటల్ కెమెరాతో ముఖద్వారం ఫొటో తీసి, అనుమానం ఉన్నవాటిని దూరంలో ఉన్న వైద్యుడికి పంపి సలహా తీసుకునేవారు. తన ముఖద్వారం ఫొటోను తానే చూసిన మహిళకు చికిత్స ఎందుకో వేరే చెప్పవలసిన అవసరం తక్కువ. హెచ్‌ఐవీ నిధులతో కట్టిన ఆ గదులు హెచ్‌ఐవీ లేని మహిళలకు కూడా తలుపులు తెరిచాయి. ఇది చిన్న వివరంలా కనబడుతుంది గానీ, గోప్యత దృష్ట్యా చాలా విలువైనది. ఒక గదికి హెచ్‌ఐవీ ఉన్నవారు మాత్రమే వెళతారని ఊరంతా తెలిస్తే ఆ గదిలోకి అడుగుపెట్టడమే ఒక ప్రకటన అవుతుంది. ఆ తర్వాత 2018లో పెప్‌ఫార్ అనే అమెరికా ప్రభుత్వపు ఎయిడ్స్ సహాయ పథకం నిధులతో, జార్జి డబ్ల్యూ బుష్ ఇన్‌స్టిట్యూట్, ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగమైన యూఎన్‌ఎయిడ్స్ భాగస్వామ్యంతో మొదలైన గో ఫర్దర్ కార్యక్రమం ఇదే పద్ధతిని ఆఫ్రికాలోని అనేక దేశాలకు విస్తరించింది.

అయితే ఏఆర్‌టీ కేంద్రంలో గది తెరిస్తే చాలదన్న కొత్త చిక్కు ఇప్పుడు ముందుకొచ్చింది. ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి మూడు నెలల, ఆరు నెలల మందులు ఒకేసారి ఇచ్చే పద్ధతి చాలా దేశాల్లో అమల్లో ఉంది. ఇది మంచి మార్పే. ప్రయాణాలు, వరుసలు, పోయే కూలీ తగ్గాయి. కొందరికి మందులు ఊళ్లోనే, తోటివారి బృందం ద్వారానే అందుతున్నాయి. దీని మరో ముఖం ఏమిటంటే, కేంద్రానికి వచ్చే సందర్భాలు తగ్గేకొద్దీ అక్కడ స్క్రీనింగ్ చేసే అవకాశాలూ తగ్గుతాయి. ఏడాదికి రెండుసార్లే వచ్చే మహిళ ఆ రోజున రక్తపరీక్ష, మందులు, కౌన్సెలింగ్ అన్నీ ముగించుకుని బస్సు అందుకోవాలనుకుంటుంది. ఆ హడావుడిలో యోనిని తెరిచి చూసే స్పెక్యులమ్ పరికరంతో చేసే పరీక్ష కోసం మరో రెండు గంటలు కూర్చోమంటే ‘వచ్చేసారి’ అంటుంది. వచ్చేసారి అంటే ఆరు నెలల తర్వాత.

ఈ చిక్కుకు ఇప్పుడున్న అతి బలమైన సమాధానం స్వయంగా నమూనా తీసుకోవడం. హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షకు ముఖద్వారాన్ని కంటితో చూడవలసిన అవసరం లేదు. మెత్తని బ్రష్‌నో స్వాబ్‌నో యోనిలోకి పెట్టి, కాస్త తిప్పి, గొట్టంలో వేసి ఇస్తే సరిపోతుంది. సరైన పరీక్ష వాడితే, ఇలా తీసిన నమూనా ఫలితం సిబ్బంది తీసిన నమూనాకు దాదాపు సాటిగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీనిని సిఫారసు చేసింది. మందుల సంచితో పాటు ఆ కిట్టు ఇవ్వవచ్చు, కేంద్రంలోని మరుగుదొడ్డిలోనే తీసి ఇచ్చి వెళ్లమనవచ్చు, ఊళ్లో మందులు పంచే బృందం ద్వారా సేకరించవచ్చు. బల్ల మీద పడుకుని పరాయి మనిషి ముందు బట్టలు తొలగించుకోవలసిన పరిస్థితి తప్పుతుంది. లైంగిక హింసను ఎదుర్కొన్న మహిళలకు ఇది ఎంత పెద్ద ఊరటో చెప్పనక్కరలేదు. కానీ స్వయం నమూనాను సిబ్బంది కొరతకు మందుగా చూసి, కిట్లు పంచి లెక్క రాసుకుంటే ప్రయోజనం ఉండదు. ఇంట్లో చాటు లేని మహిళకు, తన పరిస్థితి భర్తకు చెప్పని మహిళకు ఇంటికి పంపిన కిట్టే ముప్పు కావచ్చు. ఎక్కడ తీసుకోవాలో, ఎవరు తీయాలో ఆమెకే వదిలేయాలి. అన్నిటికీ మించి, పాజిటివ్ వచ్చినవారికి ఆ తర్వాతి మెట్టు సిద్ధంగా ఉండాలి.

నమూనా వచ్చాక దానిని పరీక్షించే యంత్రం గురించి కూడా చెప్పుకోవాలి. క్షయ నిర్ధారణ కోసం ప్రపంచమంతటా జిల్లా స్థాయి దాకా చేరిన జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం, అందులో పెట్టే పరీక్ష డబ్బీ, అంటే కార్ట్రిడ్జి, మారిస్తే హెచ్‌ఐవీ వైరల్ లోడ్‌నూ, హెచ్‌పీవీనీ కూడా చూపగలదు. హెచ్‌పీవీ ఫలితం సుమారు గంటలో వస్తుంది, అందులోనే 16వ రకం, 18 లేదా 45వ రకం ఉన్నాయో లేదో విడివిడిగా తెలుస్తుంది. అంటే చాలాచోట్ల యంత్రం కొనవలసిన పని లేదు. కావలసింది కార్ట్రిడ్జిలకు నిలకడైన బడ్జెట్, యంత్రం మీద ఏ పరీక్షకు ఎన్ని గంటలన్న ఒప్పందం, మూడు కార్యక్రమాల అధికారులు ఒక చోట కూర్చుని ఆ ఒప్పందం చేసుకోవడం. క్షయ విభాగం పేరిట ఉన్న యంత్రం ముందు హెచ్‌పీవీ నమూనాలు వారాల తరబడి నిలిచిపోవడం సాంకేతిక సమస్య కాదు, పరిపాలనా సమస్య. కాబట్టి దాని పరిష్కారమూ అక్కడే వెతకాలి.

స్క్రీనింగ్ వల్ల ఎవరి ప్రాణమూ నిలవదు. నిలిపేది ఆ తర్వాత జరిగే చికిత్స. పాజిటివ్ అని తెలిసి, చికిత్స దాకా చేరని మహిళకు ఈ కార్యక్రమం ఇచ్చింది ఒక కొత్త భయం మాత్రమే. ఈ కోణంలో చూస్తే గత దశాబ్దంలో వచ్చిన మేలైన మార్పు థర్మల్ అబ్లేషన్. అంతకుముందు వాడిన, మారిన పొరను గడ్డకట్టించే క్రయోథెరపీకి బరువైన గ్యాస్ సిలిండర్లు కావాలి, అవి ఖాళీ అయితే నెలల తరబడి చికిత్స ఆగిపోయేది. థర్మల్ అబ్లేషన్ పరికరం చేతిలో ఇమిడేంత చిన్నది, బ్యాటరీతో పనిచేస్తుంది. కనీసం 100 డిగ్రీల సెల్సియస్ వేడితో 20 నుంచి 30 సెకన్ల పాటు మారిన పొరను కాల్చుతుంది. శిక్షణ పొందిన నర్సు దీనిని చేయగలరు. దీని ఉపయోగానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే అన్ని మార్పులకూ ఇది సరిపోదు. మారిన భాగం పెద్దదైనా, ముఖద్వారం లోపలి కాలువలోకి పాకినా లీప్ అనే విద్యుత్ తీగ పద్ధతిలో కోసి తీయాలి. హెచ్‌ఐవీ ఉన్న మహిళల్లో ఇలాంటి పెద్ద మార్పులు ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి, అబ్లేషన్ పరికరాలు మాత్రమే పంచి లీప్ చేసే కేంద్రాలను విస్మరించిన కార్యక్రమం అత్యధిక ముప్పు ఉన్నవారినే వదిలేసినట్టవుతుంది. ఇక క్యాన్సర్ అప్పటికే వచ్చిందని తేలినవారికి శస్త్రచికిత్స, రేడియేషన్, నొప్పి నివారణ దాకా దారి ఉండాలి. ఆ దారి లేని చోట స్క్రీనింగ్ పెంచడం నైతికంగా నిలవదు.

చికిత్స తర్వాత చెప్పే జాగ్రత్తలు కూడా హెచ్‌ఐవీ ఉన్న మహిళకు వేరే బరువుతో వస్తాయి. పుండు మానే వరకు, సుమారు నాలుగు వారాలు, సంభోగానికి దూరంగా ఉండమంటారు. ఇది ఆమె ఆరోగ్యానికీ, మానని పుండు వల్ల భాగస్వామికి వైరస్ సోకకుండా ఉండటానికీ అవసరమే. కానీ ఇంట్లో ఆ మాట చెప్పగల స్థితి ఎంతమందికి ఉంటుంది? చికిత్సకు ముందే ఈ సంగతి మాట్లాడి, ఆమె కోరితే భాగస్వామికి కూడా వివరించి, అది సాధ్యం కాని పరిస్థితిలో కండోమ్‌ల వాడకం, వైరల్ లోడ్ అదుపులో ఉండటం వంటి రక్షణల గురించి చెప్పడం కౌన్సెలర్ పనిలో భాగం కావాలి. ‘నెల రోజులు దూరంగా ఉండమ్మా’ అని ఒక్క ముక్క చెప్పి పంపడం కౌన్సెలింగ్ కాదు.

ఫలితం చెప్పే తీరు మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది. ఒకసారి ‘పాజిటివ్’ అన్న మాట విని జీవితం తలకిందులైన మహిళకు అదే మాట రెండోసారి వినబడుతుంది. హెచ్‌పీవీ పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదని, అది ఏనాడో సోకి ఇప్పుడు బయటపడి ఉండవచ్చని, దానిని బట్టి భర్తనో తననో అనుమానించడానికి లేదని అదే క్షణంలో, ఆమె మాట్లాడుకునే భాషలో చెప్పకపోతే రెండో మెట్టుకు ఆమె రాదు. హెచ్‌ఐవీ ఉందని తెలియగానే రెండు జతల చేతితొడుగులు వేసుకునే సిబ్బంది, అందరికీ వినబడేలా పేరు పిలిచే నర్సు, తలుపు లేని పరీక్ష గది, ‘ఈ వయసులో నీకు ఇదెందుకు వచ్చింది’ అన్న ప్రశ్న, ఇవన్నీ కూడా అందుబాటును మూసే తలుపులే. వీటి కోసం శిక్షణ సరిపోదు, పర్యవేక్షణ ఉండాలి. హెచ్‌ఐవీతో జీవిస్తూ తాము పరీక్ష, చికిత్స చేయించుకున్న మహిళలనే వేతనంతో సహాయకులుగా నియమించిన చోట్ల వాతావరణం మారుతుంది. వేతనంతో అన్న మాట ముఖ్యం. పేద మహిళల స్వచ్ఛంద శ్రమ మీద నడిచే కార్యక్రమం ఎక్కువకాలం నిలవదు.

ఏఆర్‌టీ కేంద్రాలకు రానివారి సంగతి వేరు. తమకు హెచ్‌ఐవీ ఉన్నట్టే తెలియనివారు, మధ్యలో మందులు ఆపేసినవారు, జైళ్లలో ఉన్నవారు, వలస వెళ్లినవారు, లైంగిక వృత్తిలో ఉన్నవారు, గర్భాశయ ముఖద్వారం ఉన్న ట్రాన్స్ పురుషులు ఈ లెక్కలోకి వస్తారు. వీరికి స్క్రీనింగ్‌తో పాటే హెచ్‌ఐవీ పరీక్ష కూడా ఒకే చోట అందాలి. యాభై దాటినవారిని కూడా మరిచిపోరాదు. వరుసగా రెండుసార్లు నెగటివ్ వచ్చాకే స్క్రీనింగ్ ఆపాలని మార్గదర్శకం చెబుతుంటే, ఒక్కసారి కూడా పరీక్ష అందకుండానే ఆ వయసు దాటినవారు ఎందరో ఉన్నారు. హెచ్‌ఐవీతో పుట్టి ఇప్పుడు ఇరవైల్లోకి వస్తున్న యువతులు మరో ప్రత్యేక వర్గం. పిల్లల విభాగం నుంచి పెద్దల విభాగానికి మారే సమయంలోనే వీరికి పాతికేళ్లు నిండుతాయి, ఆ మార్పులో చాలా సేవలు చేజారుతాయి. హెచ్‌ఐవీ ఉన్న బాలికలకు టీకా విషయంలో కూడా తేడా ఉంది. ఇతరులకు ఒక్క డోసు చాలునని ఇప్పుడు అంగీకరిస్తున్నా, వీరికి కనీసం రెండు, వీలైతే మూడు డోసులు ఇవ్వాలి.

నిధుల విషయంలో 2025 జనవరి ఒక కఠినమైన పాఠం. అమెరికా తన విదేశీ సాయాన్ని హఠాత్తుగా నిలిపివేసినప్పుడు, ఒకే దాత మీద ఆధారపడిన హెచ్‌ఐవీ సేవలు అనేక దేశాల్లో కుదేలయ్యాయి. మందుల సరఫరాను ఎలాగోలా కాపాడుకునే తొందరలో, స్క్రీనింగ్ వంటి నివారణ సేవలే ముందుగా కత్తిరింపుకు గురయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే వాటి లోటు వెంటనే కనబడదు. ఈ ఏడాది ఆగిన స్క్రీనింగ్ ఫలితం ఐదారేళ్ల తర్వాత క్యాన్సర్ వార్డులో కనబడుతుంది. అందువల్ల స్క్రీనింగ్‌ను విడి ప్రాజెక్టుగా కాక, దేశ బడ్జెట్‌లోని హెచ్‌ఐవీ చికిత్స ప్యాకేజీలో వైరల్ లోడ్ పరీక్ష మాదిరిగా విడదీయరాని భాగంగా రాసుకోవడం మేలు.

దేనిని లెక్కిస్తామన్నదే చివరకు దేనిని చేస్తామన్నది నిర్ణయిస్తుంది. చాలా నివేదికలు ఎంతమందిని పరీక్షించామన్న సంఖ్య దగ్గర ఆగిపోతాయి. ఒకే మహిళ రెండుసార్లు లెక్కలోకి వచ్చిందా, పాజిటివ్ వచ్చినవారిలో ఎందరికి చికిత్స పూర్తయింది, ఎన్నాళ్లకు పూర్తయింది అన్నవి ఆ సంఖ్యలో కనబడవు. ఏఆర్‌టీ రికార్డులో వైరల్ లోడ్ తేదీ పక్కన ‘చివరి ముఖద్వార పరీక్ష తేదీ, ఫలితం, చికిత్స తేదీ’ అన్న మూడు గళ్లు చేర్చడం ఖర్చు లేని పని. గడి ఖాళీగా ఉంటే మందులు ఇచ్చేవారికి ఆ సంగతి కనబడుతుంది, కనబడితే అడుగుతారు. ఇక చికిత్స పూర్తయిన మహిళకు కూడా పని అయిపోలేదు. హెచ్‌ఐవీ ఉన్నవారికి చికిత్స తర్వాత 12 నెలలకు ఒకసారి, అది నెగటివ్ అయితే మరో 12 నెలలకు ఇంకోసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, రెండూ నెగటివ్ వచ్చాకే మామూలు వ్యవధికి మార్చాలి. ఆ రెండేళ్లలో ఆమె మందుల కోసం కనీసం నాలుగుసార్లు అదే కౌంటర్ ముందు నిలబడుతుంది.